ఆదివారం వండి వారం మధ్యలో తినే కర్రీడ్ సాసేజెస్

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ పెద్దబాబు స్నేహితుడి ఇంట్లో కర్రీడ్ సాసేజెస్ (ఇక్కడ ఆస్ట్రేలియాలో వండే, పల్చటి తోలులో కూరిన కీమా ముక్కల గ్రేవీ) తిని వచ్చాడు, అప్పటినుంచీ అదే కావాలంటున్నాడు. మీరు అల్లం వెల్లుల్లి, టమాటా, గరం మసాలా వేసి చేసి పెడితే రెండు ముద్దలు తిని "ఇది అది కాదమ్మా" అని కంచం పక్కకి జరిపాడు. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గ్రేవీ ఇగిరిపోయి, సాసేజ్ ముక్కలు చిదికిపోయి ముద్దలా తయారైంది. మీ ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు కాబట్టి ఆదివారం వండితే బుధ, గురువారాల దాకా రావాలి. ఇంట్లో బీఫ్ తినరు. పైగా వచ్చే నెల అత్తగారు వస్తున్నారు, ఆవిడ శాకాహారి. ఇన్ని ప్రశ్నలున్నాయి కాబట్టి సమాధానం కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకీ వంట ఎలా తెలుసంటే, అడిలైడ్‌లో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో 11 ఏళ్లు పనిచేశాను. రెండు వారాలకొకసారి మంగళవారం మధ్యాహ్నం ఇదే భోజనం, దాదాపు 80 మందికి. తినేవాళ్లంతా 80, 90 ఏళ్ల ఆస్ట్రేలియన్లు. చిన్నప్పుడు వాళ్లమ్మ చేసిన రుచి నాలుకమీద ఉన్నవాళ్లు. తేడా వస్తే మొహమాటం లేకుండా చెప్పేసేవారు. కాకినాడ నుంచి వచ్చినవాణ్ణి, మన మసాలాల పేరు చెప్పి వండుతున్నారు కదా, నాకంటే ఎవరికి బాగా తెలుస్తుందిలే అనుకుని మొదటిసారి అచ్చం మీరు చేసినట్టే చేశాను. అల్లం వెల్లుల్లి ముద్ద, జీలకర్ర, టమాటా, చివర్లో కొత్తిమీర. ఒక పెద్దాయన మొత్తం తినేసి, ప్లేటు ఇస్తూ, "చాలా బాగుంది. మరి కర్రీడ్ సాసేజెస్ ఎప్పుడు పెడతారు?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

మీ బాబు అంటున్నదీ అదే. పేరులో కర్రీ ఉంది కానీ ఇది మన కూరల కుటుంబంలోది కాదు. ఇది ఇంగ్లీషువాళ్ల గ్రేవీ. వెన్నలో ఉల్లిపాయ మగ్గించి, మైదాతో చిక్కబరిచి, స్టాక్ (మాంసమో కూరగాయలో ఉడికించి వడగట్టిన నీళ్లు) పోసి చేసే గ్రేవీకి కర్రీ పౌడర్ రంగు, వాసన ఇస్తుంది. ఇండియాలో ఉండి వెళ్లిన ఇంగ్లీషువాళ్లకి మసాలా నూరుకునే ఓపిక లేక, డబ్బాలో దొరికే పొడి అలవాటైంది. ఆ డబ్బా వాళ్లతోపాటు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చేరింది. జపాన్ వాళ్ల కరే రైస్ కూడా ఆ దారినే వెళ్లింది. అందుకే రెంటికీ పోలిక కనిపిస్తుంది: కాస్త తీపి, తక్కువ కారం, చిక్కటి పసుపుపచ్చ గ్రేవీ. ఇంటర్నెట్‌లో వెతికితే జర్మనీ కర్రీవుర్స్ట్ కూడా ఎదురవుతుంది. అది వేరు. 1949లో బెర్లిన్‌లో హెర్టా హోయ్‌వర్ అనే ఆవిడ తన బండి దగ్గర మొదలుపెట్టింది. వేయించిన సాసేజ్ మీద టమాటా సాస్, కర్రీ పౌడర్ వేసి ఇస్తారు. అందులో అన్నంలోకి కలుపుకునే గ్రేవీ ఉండదు.

కాబట్టి మొదటి పని, మీ పోపులపెట్టె మూసి పక్కన పెట్టడం. అల్లం వెల్లుల్లి వద్దు, గరం మసాలా వద్దు, కరివేపాకు అసలే వద్దు. ఇండియన్ స్టోర్‌లో దొరికే మద్రాస్ కర్రీ పౌడర్ కూడా నేను వాడను, ఘాటు ఎక్కువైపోతుంది. సూపర్‌మార్కెట్లో మసాలాల వరసలో చిన్న డబ్బాల్లో కీన్స్ అని ఉంటుంది, అది తెచ్చుకోండి. టాస్మానియాలో 19వ శతాబ్దంలో జోసెఫ్ కీన్ అనే ఆయన మొదలుపెట్టిన సరుకు. హోబార్ట్ వెళితే ఊరి మీదికి కనిపించే కొండవాలు మీద రాళ్లతో పేర్చిన తెల్లటి పెద్ద అక్షరాల్లో ఆ కర్రీ పేరే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు, మన ధనియాలు పసుపు ఎక్కడిదాకా వచ్చాయిరా అని. ఆ డబ్బా లేకపోతే ఏ మైల్డ్ కర్రీ పౌడరైనా పరవాలేదు. వాసన చూడండి. పసుపు, ధనియాలు, మెంతులు ముందుకొచ్చి, కారం వెనకెక్కడో ఉండాలి.

ఇక సాసేజ్ సంగతి. మీరు బీఫ్ తినరు కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఇక్కడే పొరపడతారు. ప్యాకెట్ మీద చికెన్ అని ఉంది కదా అని కొనేస్తారు. లోపలి మాంసం చికెనే. పైన ఉండే పల్చటి తోలు మాత్రం చాలా రకాల్లో కొలాజెన్‌తో చేస్తారు, ఆ కొలాజెన్ ఎక్కువగా పశువుల చర్మం నుంచి తీసిందే. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో చివరన "కేసింగ్" అని రాసి ఉంటుంది. అక్కడ బీఫ్ కొలాజెన్ అని ఉందా, ఆల్జినేట్ అని ఉందా చూడండి. ఆల్జినేట్ అంటే సముద్రపు నాచు నుంచి తీసేది. బుచర్ దగ్గర కొంటే నేరుగా అడగండి, దాచకుండా చెబుతారు. గొర్రె పేగు తోలు వాడే బుచర్లు చాలామంది ఉన్నారు. ఉడికించి తోలు ఒలిచేస్తే సరిపోదా అని ఒకాయన నన్నడిగాడు. రుచి కోసం ఒలిస్తే సరే, పట్టింపు కోసమైతే కొనేటప్పుడే చూసుకోవాలి. "బార్బెక్యూ సాసేజ్" అని మాత్రమే రాసి ఏ మాంసమో పెద్ద అక్షరాల్లో చెప్పనివాటి జోలికి మీరు వెళ్లకండి. అందులో బీఫ్ ఉండే అవకాశం బాగా ఎక్కువ.

ఆ జాబితా చూస్తున్నప్పుడే ఇంకో రెండు గమనించండి. ఒకటి, 220 నుంచి 228 లోపు అంకె ఏదైనా ఉంటే అది సల్ఫైట్ ప్రిజర్వేటివ్. సాసేజ్‌లో ఎక్కువగా కనిపించేది 223. పిల్లల్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే అది పడకపోవచ్చు, అలాంటివాళ్లకి అది లేని రకం చూడాలి. రెండోది, ఇక్కడి సాసేజ్ అంటే అచ్చంగా మాంసం కాదు. కొవ్వు తీసేసిన మాంసం కిలోకి కనీసం 500 గ్రాములు ఉండాలన్నది ఇక్కడి ఆహార నిబంధన. మిగతాది కొవ్వు, నీళ్లు, బియ్యప్పిండో గోధుమ రస్కుపొడో. ఆ పిండే మీ కొంప ముంచింది. రాత్రంతా గ్రేవీలో కూర్చుని, దాన్ని పీల్చుకుని, ఉబ్బి, చిదికిపోయింది. మాంసం శాతం ఎక్కువున్న సాసేజ్ కొంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. 70 శాతం పైన ఉన్నవి చూడండి. మీ ఇంటికైతే ల్యాంబ్ సాసేజ్ నా మొదటి ఎంపిక. చికెన్ రెండోది, అది త్వరగా ఎండినట్టవుతుంది. మూలికలు, వెల్లుల్లి, చీజ్ కలిపిన ఖరీదైన రకాలు దీనికి పనికిరావు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదివేవాళ్లకి ఒక మాట. మీకు దొరికే ఫ్రోజెన్ చికెన్ సాసేజ్‌లు చాలావరకు ముందే ఉడికించి పొగ వాసన పట్టించినవి. వాటిని మళ్లీ ఉడకబెట్టొద్దు, పెనంమీద రంగు రానిచ్చి చివర్లో గ్రేవీలో 5 నిమిషాలుంచితే చాలు.

నలుగురైదుగురికి రెండు పూటలకి కొలత ఇది, మూడు పూటలకి కావాలంటే అన్నీ ఒకటిన్నర రెట్లు వేయండి. సాసేజ్‌లు 1 కిలో. పెద్ద ఉల్లిపాయలు 3, సన్నగా నిలువుగా తరిగి. క్యారెట్లు 2. పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ 1. వెన్న 50 గ్రాములు. కర్రీ పౌడర్ 2 టేబుల్‌స్పూన్లు, మైదా 2 టేబుల్‌స్పూన్లు. స్టాక్ 750 మిల్లీలీటర్లు. వూస్టర్‌షైర్ సాస్ (పుల్లగా ఉప్పగా ఉండే పల్చటి నల్ల సాస్) 1 టేబుల్‌స్పూన్, టమాటా సాస్ లేదా ఫ్రూట్ చట్నీ 1 టేబుల్‌స్పూన్. ఎండు ద్రాక్ష ఒక గుప్పెడు. ఫ్రోజెన్ బఠాణీలు 1 కప్పు, అవి వేరుగా. ఉప్పు ఇప్పుడు తీసిపెట్టుకోనక్కర్లేదు. సాసేజ్‌లోనూ స్టాక్‌లోనూ సాస్‌లోనూ ఉప్పు ఉంది. అంతా అయ్యాక రుచి చూసి, కావాలంటేనే వేసుకోండి.

టేబుల్‌స్పూన్ అన్నప్పుడు జాగ్రత్త. ఆస్ట్రేలియాలో అమ్మే కొలత చెంచా 20 మిల్లీలీటర్లు. అమెరికాలోనూ న్యూజిలాండ్‌లోనూ 15. ఇండియా నుంచి తెచ్చుకున్న కొలత చెంచాలు కూడా చాలావరకు 15వే. నేను చెప్పినవి 20 లెక్క. మీ చెంచా చిన్నదైతే పొడీ మైదా రెండూ రెండున్నర చొప్పున వేయండి.

సాసేజ్ ఎలా వండాలన్న దానిమీద ఇక్కడి ఇళ్లల్లో రెండు పద్ధతులున్నాయి. పాతకాలం వాళ్లు ముందు నీళ్లలో ఉడికిస్తారు. చల్లటి నీళ్లలో వేసి, సన్నటి మంటమీద వేడెక్కనిచ్చి, నీళ్లు కళపెళలాడకుండా చూసుకుంటూ లావువైతే 12, 15 నిమిషాలు ఉంచి, చల్లారాక తోలు ఒలిచి ముక్కలు కోస్తారు. మా ఆశ్రమంలో అదే చేసేవాళ్లం, పళ్లు లేనివాళ్లు ఉంటారు కదా. మెత్తగా ఉంటుంది కానీ చూడ్డానికి పాలిపోయి బావుండదు. నిజం చెప్పాలంటే నాకు నచ్చదు. ఇంట్లో నేను చేసేది రెండోది: ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ట్రే మీద పరిచి 25 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పడం. మీకు ఇదే మేలు. పైన ఎర్రగా రంగు వస్తుంది, పొయ్యి దగ్గర నిలబడే పని లేదు, కారిన కొవ్వు ట్రేలోనే ఉండిపోతుంది. పైగా అలా వేగి గట్టిపడ్డ అంచు వల్ల ముక్క మూడు రోజులైనా గ్రేవీలో చిదికిపోదు. ఏ మాంసం సాసేజ్ అయినా లోపల 75 డిగ్రీలు వచ్చిందో లేదో చూసుకోండి. మాంసం థర్మామీటర్ సూపర్‌మార్కెట్లోనే దొరుకుతుంది, వారంవారం వండి దాచుకునే ఇంట్లో అది ఉండి తీరాలి.

బయటికి తీశాక 10 నిమిషాలు ఆగి, అప్పుడు ఏటవాలుగా అంగుళం మందాన కోయండి. పచ్చివి కోస్తే లోపలిదంతా ముద్దలా బయటికొచ్చేస్తుంది. పల్చగా చక్రాల్లా కోసినా నిలవకి ఆగదు.

సాసేజ్ ఓవెన్‌లో ఉండగానే గ్రేవీ అయిపోతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో వెన్న కరిగించి, ఉల్లిపాయలు వేసి సిమ్‌లో 12 నుంచి 15 నిమిషాలు మగ్గనివ్వండి. మనం కూరకి వేయించినట్టు ఎర్రగా కాకూడదు. మెత్తబడి, గాజులా మెరిసి, తియ్యటి వాసన రావాలి. ఈ పావుగంట తగ్గించారంటే గ్రేవీకి ఆ తీపి రాదు, ఆ తర్వాత పంచదార వేసి సర్దుకోవాల్సి వస్తుంది. ఆ పొరపాటు నేను చాలాసార్లు చేశాను. క్యారెట్లు, తొక్క తీసి చిన్న ముక్కలు చేసిన ఆపిల్ వేసి ఇంకో 3 నిమిషాలు.

ఇప్పుడు కర్రీ పౌడర్. మంట బాగా తగ్గించి వేసి, ఒక్క నిమిషం కలుపుతూ ఉండండి, అంతే. అందులో మెంతిపొడి ఉంటుంది. పోపులో మెంతులు మాడితే ఏమవుతుందో మీకు చెప్పాలా? అదే చేదు గిన్నెడు గ్రేవీకీ పడుతుంది, దానికి విరుగుడు లేదు. అలాగని వెన్నలో వేయించకుండా నేరుగా నీళ్లలో కలిపితే పసుపు పచ్చివాసన పోదు. నిమిషం అన్నది అందుకే. వెంటనే మైదా చల్లి 2 నిమిషాలు కలపాలి. గిన్నె అడుగున పసుపుపచ్చ ముద్దలా పట్టుకుంటుంది, భయపడకండి. వేడి స్టాక్ ఒక గరిటెడు పోసి, ముద్ద కరిగేదాకా కలిపి, మళ్లీ గరిటెడు పోయాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. స్టాక్ అంతా కలిశాక సాస్‌లు, ఎండు ద్రాక్ష వేసి 10 నిమిషాలు సన్నగా ఉడకనివ్వండి.

ఆ రోజే తినేట్టయితే మైదా 3 చెంచాలు వేయొచ్చు. నిలవకి కాబట్టి 2 చెప్పాను. గిన్నె దించేటప్పుడు గ్రేవీ మీకు "అయ్యో, పల్చగా ఉందే" అనిపించాలి. మన చారుకీ పప్పుకీ మధ్యలో ఉన్నట్టు. రాత్రికి రాత్రే మైదా బిగుసుకుంటుంది, సాసేజ్ తన వంతు తాగేస్తుంది, పొద్దున్నకి సరిగ్గా కుదురుతుంది. మీరు మొదటిసారే చిక్కగా దించారు కాబట్టి మర్నాటికి ముద్దయింది. కోసిన ముక్కలు చివర్లో వేసి ఒక్క ఉడుకు రానిచ్చి దించేయండి, వాటిని గ్రేవీలో మరిగించే పని లేదు.

ఆపిల్ ఎందుకు అంటారేమో. కొవ్వు ముక్క, వెన్న గ్రేవీ, ఇంతటి జిడ్డుని కోయడానికి ఏదో ఒక పులుపు కావాలి. నేను ఒకసారి తెలివి చూపించి చింతపండు వేశాను. సాసేజ్ పులుసు అయింది. మా ఆవిడ అన్నంలో కలుపుకుని హాయిగా తింది, పిల్లలు మాత్రం ముట్టలేదు. గ్రానీ స్మిత్ ఆపిలే సరైంది. అది ఎలాగూ ఇక్కడిదే, సిడ్నీ దగ్గర ఈస్ట్‌వుడ్‌లో 1868 ప్రాంతంలో మరియా ఆన్ స్మిత్ అనే ముసలావిడ తోటలో మొలిచిన రకం. కొబ్బరిపాలు పోసే వాళ్లూ ఉన్నారు ఈ మధ్య. బాగానే ఉంటుంది కానీ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే విరిగినట్టు అవుతుంది, మీకు వద్దు.

అసలు విషయం ఇక్కడినుంచి. వండటం ఎవరైనా నేర్చుకుంటారు, దాచడంలోనే తప్పులు జరుగుతాయి. మనింట్లో అమ్మావాళ్లు చేపల పులుసు వండి రాత్రంతా గట్టుమీదే ఉంచేవారు, మర్నాడే రుచి అనేవారు. ఆ పులుసులో చింతపండు అంత ఉంటుంది. ఈ గ్రేవీలో అలాంటి అండ ఏమీ లేదు. మైదా, మాంసం, వెన్న, తియ్యదనం, అంతా సూక్ష్మజీవులకి పెళ్లిభోజనం. మర్నాటికి రుచి పెరగడం మాత్రం నిజమే, దీనికీ పెరుగుతుంది. కర్రీ పౌడర్ గరుకుదనం పోయి గ్రేవీ అంతా ఒకటవుతుంది. కాకపోతే ఆ రాత్రి ఫ్రిజ్‌లో గడవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం పది లీటర్ల గిన్నెని గిన్నెపళంగా కూల్‌రూమ్‌లో పెట్టేసి ఇంటికెళ్లిపోయాను. పొద్దున్నే మా హెడ్ కుక్ థర్మామీటర్ గుచ్చితే అంచుల్లో 6 డిగ్రీలు, నడిమధ్యలో 24. ఒక్కమాట అనకుండా మొత్తం చెత్తబుట్టలో పోశాడు. ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టి లెక్క నేర్పించాడు. ఇక్కడి వంటశాలలన్నీ పాటించే లెక్క అది: వండినది 60 డిగ్రీల నుంచి 21కి 2 గంటల్లో దిగాలి, 21 నుంచి 5కి ఇంకో 4 గంటల్లో దిగాలి. లోతు గిన్నెలో ఉన్న చిక్కటి గ్రేవీ ఆ వేగంతో ఎప్పటికీ చల్లారదు.

ఇంట్లో ఎలా అంటే, దించగానే వెడల్పాటి ట్రేల్లోకి రెండంగుళాల లోతు మించకుండా పోసేయండి. సింక్‌లో చల్లటి నీళ్లు, ఐసుముక్కలు వేసి ఆ ట్రేలని అందులో కూర్చోబెట్టి, మధ్యమధ్య కలపండి. ఆవిరి పోయి, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు ఫ్రిజ్‌లోకి పంపండి. పూర్తిగా చల్లారేదాకా బయటే ఉంచాలన్న పాత అలవాటు మానేయండి. ఫ్రిజ్ 5 డిగ్రీలో అంతకంటే తక్కువో ఉండాలి. మీ ఫ్రిజ్ ఎంతుందో ఒకసారి చూసుకోండి.

మీ వారానికి ఇలా విడదీయండి. సోమవారం, బుధవారం తినేవి ఫ్రిజ్‌లో వేరువేరు డబ్బాల్లో. ఆదివారం వండింది బుధవారం దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. గురువారానిది మాత్రం ఆదివారమే ఫ్రీజర్‌లోకి వెళ్లిపోవాలి. బుధవారం మిగిలిందని అప్పుడు ఫ్రీజ్ చేయడం కాదు. జిప్ సంచిలో ఒక పూటకి సరిపడా పోసి, గాలి తీసి, పళ్లెంలా చదునుగా పడుకోబెట్టి గడ్డకట్టించండి. పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు, ఒక రాత్రిలో కరుగుతుంది. పైన తేదీ రాయండి, రెండు మూడు నెలల లోపు వాడేయండి. కరిగించడం ఫ్రిజ్‌లోనే, బుధవారం రాత్రి పైనుంచి కిందకి మార్చుకుంటే చాలు. వేడిచేసేటప్పుడు గ్రేవీ విడివిడిగా కనిపిస్తుంది, అర కప్పు వేడినీళ్లు పోసి కలిపితే మళ్లీ కలిసిపోతుంది. అంతా 75 డిగ్రీలకి రావాలి, అంటే మధ్యలో కూడా పొగలు కక్కాలి. ఒకసారి వేడిచేసింది మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు. అందుకే పూటకొక డబ్బా.

ముందే వేయకూడనివి రెండున్నాయి. బంగాళాదుంప, బఠాణీ. ఉడికిన దుంప ముక్క ఫ్రీజర్‌లోంచి వచ్చాక ఇసకలా, నీళ్లు కారుతూ ఉంటుంది. బఠాణీ మూడోరోజుకి బూడిదరంగుకి తిరిగి పప్పులా అయిపోతుంది. వేడిచేసేటప్పుడు చివరి 3 నిమిషాల్లో ఫ్రోజెన్ బఠాణీలు గుప్పెడు వేయండి, పచ్చగా మెరుస్తూ ఆ పూటే వండినట్టు కనిపిస్తుంది. ఈ ఒక్క పనికే మా ఆశ్రమంలో ముసలాళ్లు "ఇవాళ ఫ్రెష్" అనేవారు.

దేంతో తినాలి? ఇక్కడ సగం ఇళ్లల్లో దుంపల మాష్, సగం ఇళ్లల్లో అన్నం. మీ బాబు ఏది తిన్నాడో కనుక్కోండి, పిల్లలకి అది కూడా ముఖ్యమే. అన్నమైతే పొడిపొడిగా ఉండాలి. సోనామసూరి ఈ గ్రేవీతో కలిస్తే చిన్నపిల్లల గుజ్జన్నంలా ఉంటుంది, బాస్మతి వండండి. అన్నం ముందే వండి పెట్టుకోవాలనుకుంటే దాన్నీ ట్రేలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, బయట వదిలేసిన అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా పోదు. నా మట్టుకు నేను రైస్ కుక్కర్ టైమర్ పెట్టుకుంటాను, ఆ గొడవే లేదు. స్కూలుకి పంపాలంటే ఫ్లాస్క్ డబ్బాలో ముందు మరుగుతున్న నీళ్లు 10 నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు పొగలుకక్కే కర్రీ నింపండి. చల్లటి ఫ్లాస్క్‌లో పోస్తే లంచ్ టైముకి గోరువెచ్చగా మిగులుతుంది, అది మంచిది కాదు. అడుగున కొంచెం మిగిలిందా, రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి శాండ్‌విచ్ మేకర్లో నొక్కండి. ఇక్కడివాళ్లు జాఫిల్ అంటారు. మా ఇంట్లో దానికోసమే ఎక్కువ వండమంటారు.

ఇక అత్తగారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ గిన్నె, గరిట వేరుగా పెట్టుకుంటారని అనుకుంటున్నాను. గ్రేవీ మాత్రం ఆవిడకీ పెట్టొచ్చు, రెండు మార్పులతో. స్టాక్ వెజిటబుల్ స్టాక్ అయి ఉండాలి. మాసెల్ అనే కంపెనీ పొడిమీద "చికెన్ స్టైల్" అని ఉన్నా అందులో మాంసం ఉండదు, కానీ ఆ డబ్బా చూసి ఆవిడ కంగారు పడతారు కాబట్టి వెజిటబుల్ అని రాసి ఉన్నదే బల్లమీద పెట్టండి. రెండోది, వూస్టర్‌షైర్ సాస్. చాలా బ్రాండ్లలో ఆంకోవీ అనే చేపలు ఉంటాయి, సీసా మీద చేప బొమ్మ ఉండదు కాబట్టి ఎవరూ చూడరు. దాని బదులు ఒక చెంచా సోయాసాస్, అర చెంచా వెనిగర్. ముక్కల స్థానంలో ఉడికించిన కాబూలీ శనగలు, క్యాలీఫ్లవర్ బాగుంటాయి. గుడ్డు తింటారంటే ఉడికిన గుడ్లు సగానికి కోసి వేయండి, అదీ ఇక్కడివాళ్ల పాత వంటే, కర్రీడ్ ఎగ్స్ అంటారు. గుడ్లవి మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, తెల్లసొన రబ్బరులా సాగుతుంది. ఆవిడకి కారం చాలదంటారు చూడండి, నాకు తెలుసు. ఒక ఊరమిరపకాయ వేయించి కంచంలో పక్కన పెట్టండి, గ్రేవీ జోలికి వెళ్లొద్దు.